అన్నయ్య కుడిపక్కన ఆడినవాడు

మొన్నీమధ్య ఒక సాయంత్రం నలుగురు కుర్రాళ్ళు మోటారుసైకిళ్ళ మీద మా వీధిలోకి వచ్చి, ఫలానా ఆయన చెల్లెలుగారి ఇల్లు ఇదేనా అని పక్కింటివాళ్ళను అడుగుతుంటే కిటికీలోంచి విన్నాను గాని, వెంటనే తలుపు తియ్యలేదు. ఈ రోజుల్లో ఇల్లు వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఏదో అమ్మడానికో, ఏదో అడగడానికో తప్ప ఊరికే రారు కదా. వీళ్ళు అడగడానికి వచ్చినవాళ్ళే. ఊళ్ళో కొత్తగా సిమెంటు చేసిన బాస్కెట్‌బాల్ కోర్టుకు, కొన్నేళ్ళ కిందట పోయిన మా అన్నయ్య పేరు పెడుతున్నారట. అందుకని ఆయన ఫొటో కావాలట, ప్రారంభం నాడు నేను మైకులో నాలుగు మాటలు చెప్పాలట. కళ్ళజోడు తుడుచుకుని, వాళ్ళు ఫోనులో చూపించిన ఫ్లెక్సీ చదివాను. ‘ఒంటిచేత్తో నర్సీపట్నాన్ని గెలిపించిన వీరుడు’ అని పసుపుపచ్చ అక్షరాలు. సంతోషించవలసిన చోట నా మనసు ఆ ఒంటిచేత్తో అన్నమాట దగ్గరే ఆగిపోయింది.

టీ పెట్టి ఇస్తే, తాగుతూ తాగుతూ వాళ్ళలో వాళ్ళే ఎవరో విదేశీ ఆటగాళ్ళ గురించి వాదించుకోవడం మొదలుపెట్టారు. గొప్పవాడు ఏ జట్టులో వేసినా గొప్పవాడేనని ఒకడంటాడు, పక్కన గట్టివాళ్ళు ఉండబట్టి గెలిచాడు గాని లేకపోతే వాడి మొహం ఎవరు చూసేవారని ఇంకొకడంటాడు, ఎవరితో కలిసి ఆడాడన్నది లెక్కలోకి తీసుకోవాలా అక్కర్లేదా అని నా వరండాలో పెద్ద తగువు. నేను గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్ళిపోయాను. నా దగ్గర దానికి సంబంధించిన సంగతి ఒకటి ఉంది, కాని అది ఆ కుర్రాళ్ళకు చెప్పవచ్చో చెప్పకూడదో నాకు తేలలేదు. మన ఈడువాళ్ళతోనైతే చెప్పుకోవచ్చునని ఇలా కూర్చున్నాను.

ముందు నా సంగతి ఒకటి చెప్పాలి. మా ఇంట్లో నన్ను అనుమానపు పక్షి అనేవారు. పాలు పోసే అమ్మి నీళ్ళు కలిపిందేమోనని చూసేది నేనే, అమ్మ తలనొప్పి అంటే నిజంగా తలనొప్పో, నాన్న మీద కోపమో ఆరా తీసేది నేనే. తరవాత రోజుల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఉద్యోగం వచ్చినప్పుడు, అందరి మాటలూ వినే ఉద్యోగం, దీనికి తగినదే దొరికిందని మా బంధువులంతా నవ్వారు. ఆ గుణం వల్ల జీవితంలో నేను పోగొట్టుకున్నవి ఉన్నాయి గాని, మోసపోయినవి తక్కువ.

డెబ్బైల చివరి రోజులవి. నాన్న మిషన్ ఆసుపత్రి జీపు డ్రైవరు. కాంపౌండులోనే రెండు గదుల క్వార్టరు, ఎదురుగా చర్చి, చర్చికీ బడికీ మధ్య ఎర్రమట్టి కోర్టు. ఎప్పుడో దొరలున్న కాలంలో పాతించిన ఇనపస్తంభాలు, వాటికి చెక్కబోర్డులు, వల లేని రింగులు. వర్షం పడితే రింగు కింద గుంటలో నీళ్ళు నిలిచేవి, ఎండాకాలంలో లేచిన దుమ్ము మా అన్నం కంచాల్లో దాకా వచ్చేది. సాయంత్రం డ్రిల్లు మేష్టారి ఈల వినిపించిందంటే బజారులో ఉన్నవాళ్ళు సైతం వచ్చి గోడ మీద కూర్చునేవారు. రోలుగుంట నుంచి ఎడ్లబండి మీద బెల్లం తెచ్చినవాళ్ళు, బండి అక్కడే ఆపుకుని, ఆట అయ్యేదాకా కదిలేవారు కాదు.

వాళ్ళందరూ వచ్చేది అన్నయ్య కోసం. నాకంటే ఆరేళ్ళు పెద్దవాడు, పొడగరి, ఎడమచేతివాటం. ఎడమచేత్తో బంతిని చెవి పక్కగా పైకెత్తి అలా వదిలేవాడంటే, అది రింగు ఇనుమును తాకకుండా జారేది. పాయకరావుపేట జట్టువాళ్ళు ఇద్దర్ని పెట్టి కాపలా కాసినా ఆపలేకపోయేవారు. బస్టాండు దగ్గర హోటల్లో అన్నయ్య తాగిన టీకి డబ్బు తీసుకునేవాళ్ళు కాదు, చర్చిలో ముసలమ్మలు సైతం ప్రార్థన అయ్యాక వాడి నెత్తి నిమిరి వెళ్ళేవారు. ఊరంతా నెత్తిన పెట్టుకున్న ఆ అన్నయ్యకు చెల్లెలినని నేను కూడా కొంచెం నిక్కుతూనే తిరిగేదాన్నని ఒప్పుకోవాలి.

మా ఇంటికి ఎండుచేపలు తెచ్చే ఒకామె ఉండేది. నక్కపల్లి అవతల సముద్రం ఒడ్డున వాళ్ళ పల్లె. సంతరోజున గంపతో వచ్చి, అమ్మకం అయ్యాక మా వరండాలో చారెడు అన్నం తిని, అమ్మను, అక్కా అన్నట్టు, అప్పా అని పిలుస్తూ కబుర్లు చెప్పి వెళ్ళేది. మేం ఆమెను పిన్ని అనేవాళ్ళం. ఆ పిన్ని కొడుకును మా ఊరి కాలేజీలో వేసినప్పుడు, వాడికి మా క్వార్టరు వెనక సామాన్ల గదిలో చోటిచ్చింది అమ్మ. అన్నయ్య కంటే రెండేళ్ళు చిన్న, పొట్టి, గట్టి భుజాలు, మాట తక్కువ. వాళ్ళు గంగమ్మకు మొక్కేవాళ్ళు, మేం చర్చికి వెళ్ళేవాళ్ళం, అయినా ఆటకు ముందు పాస్టరు గారు ప్రార్థన చేస్తుంటే వాడు కూడా అందరితోపాటు కళ్ళు మూసుకుని, అయ్యాక వంగి కోర్టు మట్టిని తాకి కళ్ళకద్దుకునేవాడు. పడవ ఎక్కేముందు వాళ్ళకలా అలవాటట.

వాడు వచ్చినప్పటినుంచీ నాకు అనుమానమే. ఎందుకంటే వాడు ఎప్పుడూ అన్నయ్య కుడిపక్కనే ఉండేవాడు. కోర్టులోనే కాదు, బజారులో నడిచినా, వరండాలో పీటల మీద భోజనానికి కూర్చున్నా కుడిపక్కనే. ఆటలో ఆ వైపునుంచి వచ్చే బంతి ఏదైనా సరే ముందు వీడి చేతిలో పడేది. వీడు ఒకడుగు ముందుకు వెళ్ళి, పడవవాళ్ళు పిలుచుకున్నట్టు ‘ఓయ్’ అని పొట్టిగా ఒక కేక పెట్టి, అన్నయ్య ఎడమచేతి వైపుకు అందించేవాడు. ప్రతిసారీ ఆ కేకే. అవతలి జట్టువాళ్ళు చేపల మార్కెట్టు అని వెక్కిరించినా మానేవాడు కాదు. వాళ్ళిద్దరి మధ్యా ఏదో గుట్టు ఉందని నేను పసిగట్టాను. పైగా వాడు పండక్కో పనికో పల్లెకు వెళ్ళినప్పుడల్లా అన్నయ్యకు కాలునొప్పి వచ్చేది. అమ్మ వేడి నూనె రాసేది, పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేసేవారు, వాడు పల్లె నుంచి తిరిగి రాగానే ఆ నొప్పి మాయమయ్యేది. మందు పనిచేసిందని అమ్మ, ప్రార్థన ఫలించిందని పాస్టరు గారు, ఎవరికి వారే సంతోషించేవారు. నాకు మాత్రం ఆ కాలు మీద నమ్మకం కుదరలేదు. అన్నయ్య తప్పేదో వీడికి తెలుసు, దాన్ని అడ్డం పెట్టుకుని వీడు మా ఇంట్లో తిష్ట వేశాడు అని నా లెక్క.

ఆ అనుమానానికి తోడు వాడి వాటా మాట ఒకటి. ఎవరైనా మా వరండాలో కూర్చుని అన్నయ్యను పొగుడుతుంటే, వాడు తల వంచుకుని నవ్వుతూ, తాడట్టుకున్నోడికి వాటా ఉంటాది అనేవాడు. వాళ్ళ పల్లెలో పెద్దవల వేస్తే, ఒడ్డున రెండు తాళ్ళు పట్టుకుని ఊరు ఊరంతా లాగుతారట. వల ఎవరిదైనా, పడవ ఎవరిదైనా, తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ చేపల్లో వాటా పెడతారట. పెట్టకపోతే పెద్ద తప్పట, అడక్కపోయినా తప్పేనట. వాడు ఎంత మామూలుగా అనేవాడో, అంత అనుమానంగా వినేవాళ్ళం మేము. అన్నయ్య కష్టంలో వీడికి వాటా ఏమిటని నాన్న కూడా ఒకటి రెండుసార్లు మొహం చిట్లించుకున్నాడు.

ఇలా ఉండగా నాన్న రిటైరయ్యే రోజు దగ్గరపడింది. రిటైరైతే క్వార్టరు ఖాళీ చెయ్యాలి, మాకు వేరే ఇల్లు లేదు, అన్నయ్యకు ఉద్యోగం లేదు. తన తరవాత ఆ జీపు అన్నయ్యే నడపాలని నాన్నకు ఎంతో ఆశ ఉండేది గాని, లైసెన్సు మాట ఎత్తితే చాలు అన్నయ్య బంతి తీసుకుని బయటికి వెళ్ళిపోయేవాడు. అలాంటి సమయంలో విశాఖపట్నంలో ఒక పెద్ద ఫ్యాక్టరీ జట్టుకు ఆటగాళ్ళను ఏరుతున్నారని, జట్టులోకి తీసుకున్నవాళ్ళకు ఉద్యోగం ఇస్తారని, వాళ్ళ మనుషులు ఇద్దరు మా కోర్టుకే వచ్చి ఒక ఆట చూస్తారని డ్రిల్లు మేష్టారు కబురు తెచ్చారు. అన్నయ్యకు ఆ ఉద్యోగం వస్తే మాకు నీడ ఉంటుంది, రాకపోతే లేదు. అమ్మ ఆ వారమంతా సరిగ్గా తిండి తినలేదు.

సరిగ్గా ఆ ఆట రోజునే పిన్ని కొడుకు లేడు. వాళ్ళవాళ్ళు కొత్త వల దింపుతున్నారని, ఇంటి మనిషి తాడు పట్టుకోకపోతే బాగుండదని ముందురోజు వెళ్ళాడు, మధ్యాహ్నానికల్లా వచ్చేస్తానన్నాడు. సాయంత్రమైంది, విశాఖపట్నంవాళ్ళు కుర్చీల్లో కూర్చున్నారు, గోడ మీద కాకికి కూడా చోటు లేదు, వాడు రాలేదు. అన్నయ్య మొహంలో నెత్తురు లేదు. కాలునొప్పి అంటాడేమో అనుకున్నాను, కాని ఆ రోజు అనడానికి వీల్లేదు కదా. ఆట మొదలైంది. ఏం చెప్పను, అన్నయ్యలా లేడు. బంతి వచ్చి భుజానికి తగిలి పడిపోతోంది, చెవి పక్కనుంచి వెళ్ళిపోతోంది, ఎవడో వెనకనుంచి వచ్చి చేతిలోది లాక్కుపోతున్నాడు. గోడ మీద జనం నోళ్ళు పడిపోయాయి. చేపలోడు కావాలనే రాలేదు, మనవాడికి ఉద్యోగం వస్తుందని కడుపుమంట అని నా వెనక ఎవరో అన్నారు. నేను అప్పటికే ఆ మాట అనేసుకున్నాను.

సగం ఆట అయ్యాక వచ్చాడు. చేపల లారీ మీద అడ్డరోడ్డు దాకా, అక్కడినుంచి ఏదో బస్సు పట్టుకుని వచ్చాడట, ఒంటినిండా ఉప్పు, చేతులు తాడుకు ఒరుసుకుపోయి ఎర్రగా ఉన్నాయి. వల బరువుగా పడింది, సగంలో తాడు వదిలి రాకూడదు అని మేష్టారితో ఒక్క ముక్క చెప్పి కోర్టులోకి దిగాడు. ‘ఓయ్’ అన్న కేక వినిపించింది. ఇంక ఆ తరవాత జరిగింది చూసినవాళ్ళు ఇప్పటికీ కథలుగా చెప్పుకుంటారు. ఓడిపోయిందనుకున్న ఆటను అన్నయ్య లాక్కొచ్చాడు. చివరి బంతి రింగులో పడగానే జనం గోడలమీదనుంచి దూకి అన్నయ్యను భుజాలకెత్తుకున్నారు. పిన్ని కొడుకు ఒక పక్కన కుళాయి కింద చేతులు కడుక్కుంటున్నాడు.

విశాఖపట్నంవాళ్ళిద్దరిలో టోపీ పెట్టుకున్న పెద్దాయన మా ఇంటికి వచ్చి కాఫీ తాగాడు. మీ అబ్బాయితోపాటు ఆ రెండో కుర్రాణ్ణి కూడా పంపండి, ఇద్దరికీ చూస్తాం అన్నాడు. ఇద్దర్నీ ఒకేచోట ఆడించి చూడాలని ఉందన్నాడు. సంతకు వచ్చి కొడుకు ఆట కోసం ఆగిపోయిన పిన్ని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆమె మొహం వెలిగిపోయి, “తాడట్టుకున్నోడికి వాటా ఉండాల గదప్పా!” అంది అమ్మతో. ఆమెకది దండం పెట్టినంత మామూలు మాట. కాని అప్పటికే అన్నయ్య మెడలో దండలు, వరండానిండా ఊరి పెద్దలు, ఆ మాట వాళ్ళ మధ్య వేరేలా పడింది. నాన్న మొహం మాడిపోయింది. ఇద్దరికీ అంటారు, చివరికి ఒక్క ఉద్యోగమే ఉందంటారు, అది ఎవరి చేతికి పోతుందో ఏం చెప్పగలం అని చర్చి పెద్ద ఒకాయన నాన్న చెవిన వేశాడు. ఆ రాత్రి కాఫీ కప్పులు తీసేసేలోపలే నాన్న ఆ టోపీ ఆయనను వాళ్ళు వచ్చిన జీపు దాకా సాగనంపుతూ, ఆ కుర్రాడి పల్లెవాళ్ళు వాణ్ణి సముద్రం వదిలి పంపరని, మావాడు ఒక్కడే చాలునని చెప్పేశాడు. వరండా చివర నిలబడిన నాకు ఆ మాట వినిపించింది. నాన్న అబద్ధమాడగా వినడం నాకదే మొదలు.

మర్నాడు పొద్దున్నే పిన్ని కొడుకు మా గుమ్మంలోకి వచ్చాడు. అప్పటికి వాడికి సంగతి తెలిసిపోయింది. ఏదో గొడవ పెట్టుకుంటాడనే నేను తలుపు చాటున నిలబడ్డాను. వాడు నాన్నకు నమస్కారం పెట్టి, “బాబుగారూ, నన్నంపకపోతే పోనీండి. అన్నకి కుడిపక్కన ఎవుడో ఒకడుండాలని ఆలకి సెప్పండి. బంతి ఏసేముందర కేకెయ్యమనండి” అన్నాడు.

నాన్నకు ఒళ్ళు మండిపోయింది. “అంటే నువ్వు లేందే మావోడు ఆడలేడని నన్నే ఊదమంటావేటి ఆల సెవిలో? సాల్లే, ఎల్లు!” అన్నాడు.

వాడు ఇంకేదో అనబోయి, నాన్న భుజం మీదుగా లోపలికి చూశాడు. లోపల అన్నయ్య ట్రంకుపెట్టెలో బట్టలు సర్దుకుంటున్నాడు. వాడు చూస్తున్నాడని అన్నయ్యకు తెలుసు, మాటలన్నీ వినపడుతున్నాయి, అయినా తల ఎత్తలేదు. చొక్కా మడత విప్పి మళ్ళీ అదే చొక్కాను మడత పెట్టాడు. వాడు వెళ్ళిపోయాడు. అన్నయ్య ఎందుకు మాట్లాడలేదన్న ప్రశ్న ఆ రోజు నాలో ముల్లులా దిగింది.

అన్నయ్య విశాఖపట్నంలో ఎన్నాళ్ళో ఉండలేదు. ముందు టెంపరరీగా వేసుకుని, ఒక సీజను ఆట చూసి పర్మనెంటు చేస్తామన్నారు. ఆ సీజను ముగియకముందే ట్రంకుపెట్టెతో తిరిగి వచ్చేశాడు. నీళ్ళు పడలేదన్నాడు ఒకరితో, తిండి పడలేదన్నాడు ఇంకొకరితో. మా ఊరు మాత్రం దానికి తన కారణం తాను చెప్పుకుంది. పట్నంవాళ్ళు కుళ్ళుకున్నారు, మనవాడు పైకి వస్తే తమ మాట చెల్లదని తొక్కేశారు, బంతే ఇవ్వలేదట. అలా ఉద్యోగం పోయినా అన్నయ్య గొప్ప ఇంకా పెరిగింది. మేము క్వార్టరు ఖాళీ చేసి బజారు వెనక పెంకుటింటికి మారాం. నాన్న జీపు తాళాలు అప్పగించి వచ్చిన రోజున గోడవైపు తిరిగి పడుకున్నాడు, ఆ తరవాత ఎక్కువ కాలం బతకలేదు. అన్నయ్య సైకిల్ షాపు పెట్టుకున్నాడు. ఊళ్ళోనే వేరే గదిలో ఉంటున్న పిన్ని కొడుకు, ఏమీ జరగనట్టు, ఒక సాయంత్రం షాపు ముందుకు వచ్చి, “ఆడదామా అన్నా” అన్నాడు. అంతే, మళ్ళీ ఆ కేక, మళ్ళీ ఆ ఆట. ఎనభైల మొదట్లో చుట్టుపక్కల ఏ ఊళ్ళో పోటీ పెట్టినా కప్పు మా ఊరికే వచ్చేది.

అప్పటికి నేను ఎక్స్ఛేంజిలో చేరాను. పొద్దుటి డ్యూటీ ఉన్నప్పుడు అన్నయ్య నన్ను దిగబెట్టడానికి నడిచి వచ్చేవాడు, ఎప్పుడూ నన్ను తన కుడివైపే నడిపించేవాడు. ఒకరోజు నా చెప్పు తెగితే, అది పట్టుకుని కుంటుకుంటూ ఎడమవైపుకు వచ్చాను. సందులోంచి కుడివైపున వస్తున్న బెల్లంబండి కాడి అన్నయ్య భుజాన్ని గుద్దింది. బండివాడు అరుస్తూనే ఉన్నాడు గాని, ఆ ఎద్దుల మెడలో గంటలు, బజారు గోలలో ఆ అరుపు కలిసిపోయింది, అన్నయ్య కాస్త కూడా పక్కకు తప్పుకోలేదు. అంత పెద్ద బండి. చిన్నపిల్లవాడైనా చూస్తాడు. నా అనుమానపు పక్షికి రెక్కలొచ్చాయి. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ కుడివైపునుంచి అప్పడం చాచి, మాట్లాడకుండా నిలబడ్డాను. అన్నయ్య పప్పు కలుపుకుంటూనే ఉన్నాడు. ఇంకా దగ్గరకు, చెంప దాకా తెచ్చాను. చూడలేదు. అప్పడం నా చేతిలోనే విరిగి కంచంలో పడింది. అప్పుడు తల తిప్పి నా మొహం చూసి, తెలిసిపోయిందని గ్రహించి, తినడం ఆపేశాడు.

చిన్నప్పుడు బిళ్ళంగోడు ఆడుతుంటే బిళ్ళ ఎగిరి కుడి కణతకు తగిలిందట. పైకి కన్ను బాగానే ఉంది గాని చూపు పోయింది. చెబితే నాన్న ఏడుస్తాడు, డ్రైవరు కొడుకు డ్రైవరు కాలేడని తెలిసిపోతుంది, అని చెప్పలేదట. పిన్ని కొడుక్కైనా చెప్పలేదట. వాడు వచ్చిన కొత్తలో కుడివైపునుంచి బంతి విసిరితే అన్నయ్య చెవికి తగిలిందట, మళ్ళీ విసిరితే మళ్ళీ తగిలిందట, ఆ తరవాత వాడు చుట్టూ తిరిగి వచ్చి ఎడమవైపు అందించాడట. ఏమిటని అడగలేదు. ఆ రోజు నుంచి అంతే.

మరి నాన్న వాణ్ణి పొమ్మన్న రోజున నోరెందుకు విప్పలేదని నిలదీశాను. “ఊరంతా దండలేసి సింహమంటన్నారే. గుడ్డి సింహాన్నని ఎలగ సెప్పను?” అన్నాడు. కంచం పక్కకు నెట్టి, “అక్కడికెల్లి ఆడు లేకండా ఆడి సూసుకున్నాను గదా. ఎవుడిదెంతో తెలిసిపోయింది” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అన్నయ్య మీద జాలితో కొంత, కోపంతో ఎక్కువ. మా ఇంటి నీడ పోయింది, నాన్న ఆ దిగులుతోనే పోయాడు, అదంతా ఒక్క మాట చెప్పి ఉంటే తప్పేది. ఇన్నాళ్ళూ ఎవడినైతే దొంగలా చూశానో వాడే మా ఇంటి గుట్టును కడుపులో దాచుకుని, బయటికి నెట్టించుకున్నాడు.

తరవాత కొన్నాళ్ళకు వాళ్ళ నాన్న పడవ ఎక్కలేని స్థితికి వస్తే, పిన్ని కొడుకు పల్లెకు వెళ్ళిపోయాడు. అదే నెలలో అన్నయ్య బూట్లు విప్పేసి, ఇంక ఆడనని మేష్టారికి చెప్పేశాడు. మంచి వయసులో, ఓటమి ఎరగని రోజుల్లో ఆట వదిలేసిన మహానుభావుడు అని మా ఊరు దానికి కూడా చప్పట్లు కొట్టింది. నేను పెదవి విప్పలేదు.

కాబట్టి ఆ కుర్రాళ్ళు వెళ్ళాక, మైకు ముందు ఏం చెప్పాలా అని రెండు మూడు రోజులు కొట్టుకున్నాను. నిజం చెబితే అన్నయ్య గొప్ప తరిగిపోతుందా? చెప్పకపోతే ఆ ఒంటిచేత్తో అన్న అబద్ధానికి నేను కూడా సాక్షిని కావాలా? చివరికి పిన్ని కొడుకుకే ఫోన్ చేశాను. ఇప్పుడాయనకు మనవలున్నారు, పడవ ఎక్కడం మానేసి వల బాగుచేసుకుంటూ కూర్చుంటాడు. నాకు విషయం తెలుసునని మొదటిసారి ఆయనతో అన్నాను. ఆయనకు ఆశ్చర్యం కలిగినట్టు లేదు. అన్నయ్య ఆటలో మీ వాటా ఎంతో ఈసారి అందరి ముందూ చెప్తాను అన్నాను. వాటా అన్న మాటకు నవ్వాడు.

“ఏటి సెప్తావు సెల్లెమ్మా? ఆ తరవాత మా ఊరి గుంటకుర్రోళ్ళకి శానామందికి అలగే అందించేను. ఒక్కడూ ఎయ్యలేదు. బంతి అందితే సరిపోతాదేటి? అన్న అన్నే” అన్నాడు.

అన్నయ్యేమో వాడిదే అంతా అన్నాడు, ఈయనేమో అన్నయ్యదే అంతా అంటాడు. మామూలుగా నీదంటే నీదని ఇలా ఒకరి మీదికి ఒకరు తోసుకునేవాళ్ళను చూస్తే నేను ఇద్దర్నీ నమ్మను. కాని వీళ్ళ విషయంలో ఇద్దరూ నిజమే చెప్పారని ఇప్పుడు నాకనిపిస్తుంది. పెద్దవల ఒడ్డుకు చేరాక ఏ చేప ఎవరి బలంతో వచ్చిందో ఆ పల్లెవాళ్ళు విడదియ్యరు. తాడు మీద చెయ్యి ఉందా లేదా అని చూస్తారు, అంతే. మేము ఆ వాటాను మా అన్నంలోంచి తీసే ముద్ద అనుకున్నాం. అక్కడే పొరపడ్డాం, ఆ పొరపాటే ఉద్యోగాన్ని మింగేసింది.

అయితే కన్ను సంగతి చెప్పమంటారా అని అడిగాను.

“సెప్పకు సెల్లెమ్మా. తెలిసిందంటే ‘ఒంటికన్నుతో గెలిపించినోడు’ అని ఇంకా పెద్దచ్చరాలేస్తారు. మల్లీ అన్న ఒక్కడే మిగుల్తాడు.”

పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ అందర్నీ అనుమానించిన నాకు ఆ అనుమానం మాత్రం రాలేదు. కమిటీ కుర్రాళ్ళను పిలిచి, ఒక్కడి పేరు వద్దు, ఐదుగురి పేర్లూ రాయండి అన్నాను. బోర్డు మీద చోటు చాలదన్నారు. ఫ్లెక్సీ అయిపోయిందన్నారు. ఆంటీగారూ, జనానికి ఒక్క పేరే గుర్తుంటుంది అన్నారు. అందులో ఒకడు, ఆ రోజు పక్కనున్నవాళ్ళ తరఫున వాదించిన కుర్రాడే.

ప్రారంభం రోజున ఆయన వచ్చాడు. తెల్లచొక్కా, భుజాన తువ్వాలు, జనంలో ఎవరికీ తెలియదు. ఫ్లెక్సీ దగ్గరకు వెళ్ళి అన్నయ్య మొహంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఫొటోలు తీసే కుర్రాడు, తాతా, కొంచెం పక్కకి జరుగు, ఫొటోలో పడతన్నావు అన్నాడు. ఆయన వెనక్కి తిరిగి ఎవరన్నారో చూడకుండా, కొంచెం జరగమంటే గోడ దాకా జరిగాడు. అడిగినదానికంటే ఎక్కువ జరిగాడు. మనిషికి అలాంటిది పుట్టుకతో రాదు, ఎవరో నేర్పాలి. మా గుమ్మంలోనే నేర్పాం.

నా కుర్చీ వదిలి వెళ్ళి ఆయన పక్కన గోడకు ఆనుకున్నాను. మైకులో నా పేరు పిలిచారు, మళ్ళీ పిలిచారు. ఎల్లవేటి సెల్లెమ్మా అన్నాడాయన. మిమ్మల్ని కూడా పిలిచాక వెళ్తాను అన్నాను. పిలవలేదు. వేరే ఎవరో వెళ్ళి మాట్లాడారు.

ఉపన్యాసాలయ్యాక పిల్లలను కోర్టులోకి వదిలారు. నున్నటి సిమెంటు, రింగులకు తెల్లటి వలలు, పట్టపగలులా దీపాలు. ఒక్కొక్కడూ ఒక్కో కొత్త బంతితో దిగి, తనంత తాను తట్టుకుంటూ, తనే విసిరి, తనే పరుగెత్తి తెచ్చుకుంటున్నాడు, ఎవరి నోటా ఒక కేక లేదు. మన కాలంలో మనుషులు మంచివాళ్ళని, ఇప్పుడు చెడిపోయారని నేననను, ఆ కాలం ఏం చేసిందో చూసినదాన్ని. కాని ఆ రోజుల్లో మా ఊరందరికీ ఉన్నది ఒకటే బంతి. ఆడాలంటే ఎవరో ఒకరు అందించాల్సిందే.